పద్నాలుగో నంబరు చెక్క

ఆ రోజుల్లో నాకు రెండు విషయాల మీద గట్టి నమ్మకం ఉండేది. ఒకటి, వేలూరు మొత్తంలో నా అంత తెలివైన అమ్మాయి ఇంకొకతి లేదని. రెండు, నేను ఎవరినీ చూసి కుళ్ళుకునే రకం కాదని. మొదటి నమ్మకం పోవడానికి మూడు నెలలు పట్టింది. రెండోది పోవడానికి ఇంకా ఎక్కువే పట్టింది, ఎందుకంటే కుళ్ళుకునేవాళ్ళకు తాము కుళ్ళుకుంటున్నామని తెలియదు. న్యాయం కోసం పోరాడుతున్నాం అనుకుంటారు. నేనూ అలాగే కొన్నాళ్ళు ఘనంగా న్యాయపోరాటం చేశాను. ఆ సంగతి ఇంతవరకు ఎవరికీ సాంతం చెప్పలేదు. ఇప్పుడు వయసు నలభైకి దగ్గరపడింది కనుక చెప్పేస్తున్నాను, నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి.

మాది గుడియాత్తం. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం, మగ్గం మీద లుంగీ. ఈ మూడూ మా ఇంట్లో తరాలుగా మారలేదు. (మావాళ్ళెవరికీ తెలుగు చదవడం రాదు. నేనే పెద్దయ్యాక పట్టుదల కొద్దీ అక్షరాలు నేర్చుకున్నాను. ఇది అచ్చులో వచ్చినా మావాళ్ళు చదవలేరన్న ధైర్యం కూడా ఈ రాతకు ఒక కారణం.) సివిల్ ఇంజనీరింగ్ పూర్తిచేసి వేలూరులో ఒక చిన్న ఆఫీసులో చేరాను. కింద మెస్సు, పైన మేము. కొత్తగా కట్టే భవనాలకు గ్రీన్ బిల్డింగ్ సర్టిఫికెట్ వచ్చేట్టు కాగితాలు తయారుచేయడం మా పని. నీళ్ళ ఆదాకు ఇన్ని పాయింట్లు, కరెంటు ఆదాకు ఇన్ని, లోపలి గాలి శుభ్రంగా ఉంటే ఇన్ని అని ఉంటాయి. ఆ లోపలి గాలి దగ్గరే నా చెక్కలు వస్తాయి. ప్లైవుడ్, పార్టికల్ బోర్డు, ఎమ్‌డీఎఫ్, అన్నీ చెక్కే అనుకుంటాం గానీ, అవి పొరలనో పొట్టునో పీచునో జిగురుతో అతికించి నొక్కినవి. ఆ జిగురులోంచి ఫార్మాల్డిహైడ్ అనే ఘాటు ఆవిరి చాలా కాలం గదిలోకి వస్తూనే ఉంటుంది. అందుకని భవనంలోకి వచ్చే ప్రతి చెక్క వస్తువునూ పట్టుకుని, ఇది అచ్చమైన చెక్కా, అతికిన చెక్కా, అతికినదైతే ఏ జిగురు, దానికి తగిన కాగితం ఉందా అని విడదీసి జాబితా రాయాలి. అచ్చమైనదానికి పరీక్ష అక్కర్లేదు. అతికినదానికి కాగితం లేకపోతే పాయింటు లేదు. ఇదంతా మా అవ్వకు వివరంగా చెబితే, ఆమె కండెలు చుట్టడం ఆపకుండానే విని, “అంటే చెక్కలకు జాతకం రాసే ఉద్దోగమామ్మా?” అంది. అంతకంటే బాగా ఆ పనిని ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

ఆ ఆఫీసులో నాకు ‘ముక్కు’ అని పేరు. పేరు పెట్టింది మా సారు. ఒకసారి లారీలోంచి ప్లైవుడ్ దించుతుంటే నేను దగ్గరికి పోయి ముక్కు ఎగబీల్చి, “సార్, ఇది వద్దు. జిగురు మంచిది కాదు” అన్నాను. కాగితాలు చూస్తే అన్నీ బాగానే ఉన్నాయి. సారు గట్టిగా నిలదీస్తే, అమ్మినవాడు ఆ కాగితం వేరే సరుకుదని ఒప్పుకున్నాడు. ఇక చూడండి. ఎవరు వచ్చినా సారు నన్ను పిలిచి, “ఈ పిల్ల ముక్కుతోనే చెప్పేస్తాది!” అని చూపించేవారు. నూలుకు పెట్టే గంజి పులిసిందో లేదో మా అవ్వ వాసన చూసి చెప్పేస్తుందనీ, ఆ గుణమే నాకు వచ్చిందనీ నేనూ అందరికీ చెప్పుకునేదాన్ని. (నిజానికి ఆ రోజు నాకు పెద్దగా వాసనేమీ రాలేదు. లారీలో షీట్ల పక్కన కూచుని వచ్చిన మనిషి కళ్ళు తుడుచుకుంటూ దిగడం చూశాను, అంతే. కానీ పేరు వచ్చేశాక కారణాలు ఎవరడుగుతారు?)

అలా హాయిగా గడుస్తున్న నా రాజ్యంలోకి ఒడుగత్తూరు వచ్చింది. ఒడుగత్తూరు అంటే ఊరు కాదు, ఆ ఊరినుంచి వచ్చిన అమ్మాయి. నా వయసే. వాళ్ళది సేద్యం కుటుంబం, జవ్వాది కొండల దగ్గర చేను, మామిడి తోట ఉన్నాయట. ఆఫీసులో తెలుగు మాట్లాడేది నేనూ సారూ మాత్రమే. ఆ చనువు నా సొంత ఆస్తిలా ఉండేది. ఈమె మొదటి రోజే గడప దగ్గర నిలబడి, “సార్, నేను కూడా తెలుగోళ్ళమ్మాయినే” అంది. సారు ముఖం వెలిగిపోయింది. నేను గబగబా లేచి నీళ్ళు తాగాను. పొద్దున తిన్న ఇడ్లీ సరిపడలేదనుకున్నాను. మధ్యాహ్నం ఆమె క్యారియరు తెరిస్తే రాగి సంగటి, చెనక్కాయల చట్నీ. ఆఫీసులో వాళ్ళంతా కోడిపిల్లల్లా చుట్టూ చేరారు. నా క్యారియరులో నిమ్మకాయ అన్నం నన్నే చూస్తూ ఉండిపోయింది. ఆమె చేతిరాత గుండ్రంగా ఉండేది. ఆమె కుర్చీ కిర్రుమనేది కాదు. సారు చెప్పిన జోకు అర్థం కాకపోతే నవ్వేది కాదు, “అర్థం కాలే సార్” అనేది, అయినా ఆయనకు కోపం వచ్చేది కాదు. నేను అప్పటికి ఏడాదిగా అర్థం కాకుండానే నవ్వుతున్నాను.

ఇవన్నీ ఓర్చుకున్నాను గానీ, తలుపు సంగతి ఓర్చుకోలేకపోయాను. ఊరి బయట ఆడపిల్లల హాస్టలు ఒకటి కడుతున్నారు, మా చేతిలో ఉన్న పెద్ద పని అదే. గదుల తలుపుల్ని నేను చూసి, టేకు చారలు ముద్దుగా కనిపిస్తుంటే, జాబితాలో ‘అచ్చమైన చెక్క, పరీక్ష అక్కర్లేదు’ అని రాసేశాను. ఒడుగత్తూరు సైటుకు పోయి, ఒక స్టూలు తెప్పించుకుని ఎక్కి, తలుపు నెత్తిన చూసిందట. ఎవరైనా తలుపు నెత్తిన చూస్తారా? పైన రంగు వేయని చోట లోపలి సంగతి బయటపడింది. రెండు పక్కలా కాగితమంత పలచని టేకు పొర, మధ్యలో అంతా పార్టికల్ బోర్డు. ఆమె దిగి వచ్చి నాతోనే మెల్లగా, “ఏమ్మే, ఆ తలుపు అతికిన చెక్కే. సారు చూసేలోపల జాబితా మార్చేద్దామా?” అంది. నేను, “నాకు తెలుసులే, మళ్ళీ చూద్దామని అట్లే పెట్టినా” అన్నాను. అప్పటికే సారు నా వెనక నిలబడి ఉన్నారు. ఆ రోజునుంచి ఆయన ఏ చెక్క గురించి అడిగినా, “ఒడుగత్తూరును ఒక మాట అడగమ్మా” అనడం మొదలుపెట్టారు. అలా అన్నప్పుడల్లా నా ఒళ్ళు మండిపోయేది. రాత్రి పడుకుంటే కలలో కూడా ఆమె స్టూలు ఎక్కుతూ కనిపించేది.

ఇంతలో సారు ఒక కబురు చెప్పారు. హాస్టలు ఫైలు పూర్తవుతోంది. చెన్నైలో సర్టిఫికెట్ ఇచ్చే పరిశీలకుల ముందు కూచుని చెక్కల జాబితాకు జవాబు చెప్పడానికి మా ఇద్దరిలో ఒకరిని తీసుకుపోతారు. పోయినవాళ్ళే ఇకమీదట ఆఫీసులో వచ్చే పనులన్నిటికీ సామగ్రి బాధ్యులు. రెండోవాళ్ళకు కుళాయిలు, ఫ్లష్ ట్యాంకుల జాబితా. చెక్కలకైనా జాతకం ఉంది గానీ, ఫ్లష్ ట్యాంకుకు ఏముంది చెప్పండి? నేను ఆ సాయంత్రమే ఇంటికి పోయి, చెన్నైకి పోయేది నేనే అన్నట్టు చెప్పేశాను. నాయన వీధిలో చెప్పాడు. పావు పట్టేవాళ్ళు, అంటే వీధి పొడుగునా పడుగు నూలు చాచి గంజి పెట్టేవాళ్ళు, ఆ చివరినుంచి ఈ చివరిదాకా చెప్పుకున్నారు. మరుసటి రోజు బస్సు ఎక్కుతుంటే టీ కొట్టాయన, “ఏమ్మా, మద్రాసు ఎప్పుడు?” అని అడిగాడు. ఇక నాకు వెనక్కి తగ్గే దారి లేదు.

ఇక్కడ ఒక మూట సంగతి చెప్పాలి. ప్రతి సోమవారం నాయన నేసిన లుంగీలు మూటకట్టి నా చేతికిచ్చేవాడు, వేలూరులో ఒక కొట్లో ఇవ్వమని. సాయంత్రందాకా ఆ మూటను ఆఫీసులో చెక్క నమూనాలు దాచే ఇనుప బీరువాలో పెట్టేదాన్ని, ఎందుకంటే కింద మెస్సులోంచి వచ్చే ఎలుకలకు కొత్త నూలంటే ప్రాణం. ఆ వారం కొట్టాయన ఇంట్లో ఏదో శుభకార్యమని కొట్టు తెరవలేదు. మూట బీరువాలోనే ఉండిపోయింది. సోమ, మంగళ, బుధ, గురు. ఆ నాలుగు రోజులూ నేను ఎన్నిసార్లు ఆ బీరువా తెరిచానో, నాకు తేడా ఏమీ తెలియలేదు.

శుక్రవారం సారు బీరువా తెరిచి, ముఖం చిట్లించి, రెండడుగులు వెనక్కి వేశారు. “ఏందమ్మా ఈ నాత్తం! ఏ చెక్క ఇది?” అని ముక్కు మూసుకుని నావైపు చూశారు. ఆఫీసంతా నావైపు చూసింది. నేను గంభీరంగా ముందుకు నడిచి బీరువాలో తలపెట్టాను. నాకు ఏ వాసనా రాలేదు. దేవుడి మీద ఒట్టు, ఏమీ రాలేదు. ‘ఏమీ లేదు సార్’ అని ఆ మాటే అనవలసింది. కానీ ముక్కు అని పేరున్న మనిషి, సారుకు వచ్చిన వాసన తనకు రాలేదని ఎలా చెబుతుంది? అంతలో ఎదురుగా, కవరు లేకుండా, గుండ్రటి అక్షరాల చీటీతో పద్నాలుగో నంబరు నమూనా కనిపించింది. హాస్టలు అల్మారా తలుపులకు వాడే ఎమ్‌డీఎఫ్ అది. ఒడుగత్తూరు దాన్ని అన్నిటికంటే మంచి తరగతిలో, ఫార్మాల్డిహైడ్ కలపని జిగురు అని రాసింది. తయారుచేసినవాళ్ళకు ఎన్నోసార్లు ఫోను చేసి కాగితం తెప్పించింది. నా నోట్లోంచి మాట దానంతటదే వచ్చినట్టు వచ్చింది. “పద్నాలుగు సార్. బాగా కొడతా ఉండాది” అన్నాను, తల ఊపుతూ.

ఒడుగత్తూరు దగ్గరికి వచ్చి చెక్కను చేతిలోకి తీసుకుంది. “కాగితం సరిగ్గా ఉండాదే సార్. నేనే అడిగి తెప్పించినా” అంది. సారు మొహమాటంగా, “కాగితం సరే అమ్మా. ముందొకసారి కాగితం సరిగ్గా ఉండి సరుకు తప్పింది గదా” అన్నారు. (నా లారీ కీర్తి నా శత్రువు మీద అలా పనిచేయడం చూసి నాకు ఎంత ఆనందమో.) పద్నాలుగు పడిపోతే చెక్కల పాయింటు మొత్తం పోతుంది. ఆయన వెంటనే సైటుకు ఫోను చేసి అల్మారా తలుపులు బిగించడం ఆపించారు. వడ్రంగులు పని లేక కూచున్నారు. పళ్ళికొండలో ప్లైవుడ్ కొట్టున్న పెద్దాయన, ఆ సరుకు ఇచ్చినవాడు, ఫోనులో అరిచిన అరుపు సారు చెవిలోంచి నా బల్లదాకా వినిపించింది. ఆ సాయంత్రం ఒడుగత్తూరు నా దగ్గరికి వచ్చి, “ఏమ్మే, నాకు చెక్కలో వాసనే తెలియలా. ఇంకొకసారి చూస్తావా? నా పని పోయినా పోతాది” అంది. నేను ఫైలులోంచి తల ఎత్తకుండా, “కొండగాలి పీల్చి పెరిగినోళ్ళకు ఇవన్నీ యాడ తెలుస్తాయిలే” అన్నాను. ఆమె సంచి తీసుకుని వెళ్ళిపోయింది. ఆ శని, ఆదివారాలు నేను ఎంతో సంతోషంగా ఉండాలి. ఉన్నాననే అనుకున్నాను. అన్నం మాత్రం సయించలేదు. అవ్వ నా కంచం వైపు చూసి, “మద్రాసు దిగులా?” అంది.

సోమవారం పొద్దున్నే పళ్ళికొండ పెద్దాయన స్వయంగా వచ్చాడు. నుదుటిమీద నామం, చేతిలో గొడుగు. సారును పలకరించకుండానే, “యాడప్పా నా చెక్క?” అన్నాడు. పద్నాలుగును తీసుకుని, జిగురు వాసనైతే వేడికి ఇంకా కొట్టల్ల అంటూ మేడమీద ఎండలో పెట్టి, ఒక కాఫీ తాగేంతసేపు పక్కనే కాపలా కూచుని, తరువాత సారు ముక్కు కింద పెట్టాడు. సారు పీల్చారు, మళ్ళీ పీల్చారు, తల అడ్డంగా ఊపారు. ఏమీ లేదు. పెద్దాయన కిందికి దిగి, బీరువా తలుపులు రెండూ బార్లా తెరిచి, లోపల మూలనుంచి మా నాయన మూటను చెవి పట్టుకుని లాగినట్టు లాగి బల్లమీద వేశాడు. “ఇదప్పా నీ నాత్తం! గుడియాత్తం లుంగీ! మా అల్లుడు కొత్త లుంగీ కడితే రెండు దినాలు నేను బయట తిన్నె మీదనే పండుకుంటా. జిగురంట, జిగురు!” అన్నాడు. ఆఫీసంతా ఒక్కసారి ఘొల్లుమంది. నేను ఆ అవమానంలో కూడా వంగి మూటను వాసన చూశాను. ఏమీ లేదు. పుట్టినప్పటినుంచీ పీల్చింది కదా, మా ఇంట్లో దాన్ని వాసన అనరు, గాలి అంటారు. రంగూ గంజీ కలిసిన ఆ గాలి మూసిన బీరువాలో నాలుగు రోజులు ఊరి, మా సారును వెనక్కి నెట్టింది.

నవ్వులు ఆగాక సారు, “ఇది బీరువాలోకి ఎట్ల వచ్చింది?” అన్నారు. ఎవరి మూటో ఆఫీసులో అందరికీ తెలుసు. అడిగింది నన్ను. నేను మూటను దగ్గరికి లాక్కున్నాను. అప్పుడు ఒడుగత్తూరు నోరు తెరిచింది. ఇక అయిపోయింది అనుకున్నాను, నేనైతే ఏమనేదాన్నో నాకు బాగా తెలుసు కాబట్టి. ఆమె, “బీరువా తాళం నా కాడ ఉండాది సార్. మూటను నేనూ చూసినా. నమూనాలుండే చోట పెట్టొద్దని చెప్పల్ల, చెప్పలే. తప్పు నాది కూడా” అంది. సారు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, “సరి సరి, పొయ్యి పని చూడండమ్మా” అన్నారు. పెద్దాయన కాఫీ అడిగాడు. మధ్యాహ్నానికి సైటులో తలుపులు మళ్ళీ బిగించడం మొదలైంది. సాయంత్రానికి చెన్నైకి ఎవరు పోతున్నారో కూడా తేలిపోయింది. చెప్పనక్కర్లేదు కదా.

ఆ రోజు బస్టాండుదాకా ఆమె పక్కనే నడిచాను. చేతిలో మూట ఉంది. దాన్ని ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకుంటూ పోయాను. చివరికి, “ఆ పొద్దు నాకు ఏ వాసనా రాలేదు మే. ఊరికే చెప్పినా. నీ మీద కుళ్ళుతో” అన్నాను. ఆ మాట ఆ రోజు మొదటిసారి నా చెవితో నేనే విన్నాను. ఆమె ఆశ్చర్యపోలేదు. “తెలుసు” అంది. “నిజంగా వాసన చూస్తే నువ్వు గట్టిగా ఎగబీలుస్తావు. ఆ పొద్దు పీల్చనే లేదు, తల ఊపినావు.” మరి సారుకు ఎందుకు చెప్పలేదు అన్నాను. “చెప్తే నిన్ను పంపించేస్తారు గదా. సారుతో పని మాటే గదా, మనసు విప్పి తెలుగు మాట్లాడేది నేను ఇంక ఎవరితో?” అని, ఆమె బస్సు వస్తే ఎక్కి కిటికీలోంచి చెయ్యి ఊపింది. నేను అక్కడే నిలబడిపోయాను. సిగ్గు పడ్డాను, కళ్ళు తడిశాయి, అవన్నీ నిజమే. కానీ అన్నిటికంటే ముందు నాకు కలిగింది ఏమిటో ఇక్కడైనా ఒప్పుకోవాలి. మంచితనంలో కూడా ఇది నన్ను దాటిపోయిందే అని, అంతకుముందు లేనంత అసూయ. ఇంటికి పోయి, చెన్నైలో ఎండ ఎక్కువని నేనే వద్దన్నానని, అందుకే ఒడుగత్తూరు పోతోందని చెప్పాను. అవ్వ, “అయితే ఆ పిల్లకు ఎండ తగలదా?” అని అడిగి, మళ్ళీ కండెలు చుట్టుకోసాగింది.

హాస్టలుకు చెక్కల పాయింటు వచ్చింది. ఒడుగత్తూరు పెద్ద హోదాకు పోయింది, ఇప్పుడు పరిశీలకుల కుర్చీలో తనే కూచుంటుంది. నేను కుళాయిలతో మొదలుపెట్టి, నెమ్మదిగా మళ్ళీ చెక్కల్లోకి వచ్చి, వేలూరులోనే నా సొంత ఆఫీసు పెట్టుకున్నాను. పోయిన నెల ఒకరోజు ఆమె ఫోను చేసింది. ఇన్నేళ్ళలో మొదటిసారి నన్నొక సందేహం అడిగింది. వెదురు పీచును నొక్కిచేసిన పలక ఒకటి వచ్చిందట, దాన్ని అతికిన చెక్కలో వేయాలా, నేలమీద పరిచే సరుకులో వేయాలా అని. నాకు జవాబు ఆ క్షణమే తెలుసు. అయినా, “కొంచెం కష్టమైన ప్రశ్నే. చూసి చెప్తా” అని ఫోను పెట్టేసి, టీ పెట్టుకుని, అరగంటపాటు కుర్చీలో వెనక్కి వాలి ఆ సుఖం అనుభవించాను. తరువాత ఫోను చేసి, కారణాలతో సహా తీరిగ్గా చెప్పాను. ఆమె అంతా విని, “నేనూ అట్లే రాసినా మే” అంది. నాకు చురుక్కుమంది. “రాసేసినాక నన్ను అడగడం దేనికి?” అన్నాను. “నువ్వు కూడా అదే అంటే నాకు ధైర్యంగా ఉంటాది. ఎప్పుడూ అంతే, అడగడానికే నాకు భయం, నువ్వు కసురుకుంటావని” అంది. ఫోను పెట్టేశాక టీ చల్లారిపోయిందని గమనించాను. నా మాట ఆమెకు అంత అవసరమని ఆ రోజుల్లో ఎవరైనా నాకు చెప్పి ఉంటే బాగుండేది. చెప్పినా నమ్మేదాన్ని కాదులెండి.